ఉమ్మడి భోజనాలకు జనం తగ్గిపోతున్నారు, వంటమనిషిని పెట్టుకోవాలా?

గరిటె:
మాది 24 ఇళ్ల కోహౌసింగ్. ఎవరి వంటిల్లు వాళ్లకుంది, మధ్యలో అందరికీ కలిపి పెద్ద వంటిల్లు, భోజనాల హాలు. కొత్తలో వారానికి మూడు రాత్రులు కలిసి తినేవాళ్లం, ముప్పై మందికి తగ్గేవాళ్లు కాదు. ఇప్పుడు పన్నెండు మంది వస్తే గొప్ప. వండేది మాత్రం ఎప్పుడూ మేం నలుగురమే, వంతుల బోర్డు మీద మిగతా గడులన్నీ ఖాళీ. మొన్న రాత్రి పదింటికి మాడిన గిన్నెను ఒక్కదాన్నే తోముతుంటే, కిటికీలోంచి అందరి ఇళ్లలో టీవీలు వెలుగుతూ కనిపించాయి, నిజంగా ఏడుపొచ్చింది. వంటమనిషిని పెట్టి తలా కొంత వేసుకుందామని కొందరంటున్నారు. మీ దగ్గర ఎలా నడుస్తోంది?

మూడోవరస:
ఆ ఆలోచన కొత్తదేం కాదండీ. 1935లోనే స్టాక్‌హోంలో ఆల్వా మిర్డాల్ (తర్వాత నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఈవిడకే) ఆలోచనతో స్వెన్ మార్కేలియస్ అనే ఆర్కిటెక్ట్ అలాంటి అపార్ట్‌మెంట్ కట్టాడు. కింద వంటశాల, జీతానికి పనివాళ్లు, వండింది చిన్న లిఫ్టుల్లో నేరుగా ఫ్లాట్లకి వెళ్లేది. ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకి వంటపని తప్పించాలన్నది మంచి ఉద్దేశమే, కాకపోతే లిఫ్టులో భోజనం అందుకున్నవాళ్లు పక్కింటివాళ్ల ముఖం చూడక్కర్లేదు కదా. తర్వాత స్వీడన్‌లోనే వచ్చిన చాలా ఉమ్మడి ఇళ్లలో ఉండేవాళ్లే వంతులేసుకుని వండుకుంటారు. 1993లో మొదలైన ఫెర్డ్‌క్నెప్పెన్ అలాంటిదే, పిల్లలు ఎదిగి వెళ్లిపోయినవాళ్ల కోసం, 43 ఫ్లాట్లు, వంటా శుభ్రతా జట్లుగా పంచుకుంటారు.

పాతకాపు:
ముందు లెక్క చూడండి. 24 ఇళ్లంటే పెద్దవాళ్లు ఓ నలభై మంది ఉంటారు. వారానికి మూడు పూటలు, పూటకి ముగ్గురు చొప్పున వండితే మనిషికి నెలకి ఒక్క వంతు పడుతుంది, మిగతా పూటలన్నీ కూర్చుని తినడమే. ఇది మీటింగ్‌లో రాసి చూపిస్తే మావాళ్లెవరూ నోరు మెదపలేదు. మా దగ్గర వంతు తప్పనిసరి, తినడం మీ ఇష్టం. వంట రాదన్నవాళ్లకి తరగడం, తోమడం.

అసలు చనువు కుదిరేది తినేటప్పుడు కాదు, సింకు దగ్గరే అంటాను నేను. పార్కింగ్ గొడవతో ఏడాదిగా మాటల్లేని ఇద్దరు ఒకే జట్టులో పడ్డారు (కావాలనే వేశాను, ఒప్పుకుంటున్నా). ఒకాయన తోమాడు, ఒకాయన తుడిచాడు. అరగంటసేపు "ఆ గిన్నె ఇటివ్వండి" తప్ప ఇంకో మాట లేదు. చివరికి నా వంటలో ఉప్పెక్కువైందని ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటూ వెళ్లారు.

మూలగది:
రానివాళ్లలో నేనొకణ్ణి కాబట్టి చెప్తున్నా. రోజంతా మాట్లాడే ఉద్యోగం, సాయంత్రం మళ్లీ ముప్పై మంది మధ్య కూర్చోవాలంటే తల తిరుగుతుంది. రాకపోతే "ఏంటీ, ఒంట్లో బాగాలేదా" అని మర్నాడు నలుగురు అడుగుతారు, అదింకా టెన్షన్. మా దగ్గర పొడుగు బల్ల తీసేసి ఆరుగురు కూర్చునేవి వేశారు, డబ్బాలో పట్టుకెళ్లొచ్చన్నారు, అప్పట్నుంచి వారానికోసారి వెళ్తున్నా.

పాతకాపు:
డబ్బాలు మొదలైతే అది మళ్లీ ఆ లిఫ్టే అవుతుందండీ.

మూలగది:
లిఫ్టయితే కదలక్కర్లేదు కదా సార్. నేను డబ్బా నింపుకోవడానికొచ్చి పావుగంట నిలబడి కబుర్లు చెప్పి పోతున్నా.

గరిటె:
రానివాళ్లని ఎందుకు రావట్లేదని అడగాలని నాకసలు తట్టనే లేదు, మనసులో తిట్టుకోవడమే సరిపోయింది. ఆదివారం మీటింగ్‌లో ఈ లెక్క పెడతాను, బల్లలు కూడా మార్చి చూస్తాం. పాతకాపు గారూ, వంతు ఉండి కూడా రాకపోతే ఏం చేస్తారు?

పాతకాపు:
కుదరకపోతే ఇంకొకరితో మార్చుకోవాల్సింది వాళ్లే, మేం ఫోన్లు చేయం. మొదటి నెలలో ఒక రాత్రి ఎవరూ రాలేదు, పొయ్యి వెలగలేదు, ఇళ్లకెళ్లి తిన్నాం. ఆ నలుగురూ పరిగెత్తుకెళ్లి వండేయకుండా చూసుకోండి, ముఖ్యంగా మీరు.