ఒకే ఇంట్లో నాలుగు తిండ్లు: జొన్నరొట్టె, సన్నబియ్యం, కీటో, ఒక్కపొద్దు. అందరికీ ఒకే వంట ఎట్లా?

నారాయణపేట కోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర. సాగర్ ఎడమ కాలువ కింద పొలం. పొద్దున సద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. పండగకు పులిహోర చేసినా, ఆకలైతే పెరుగన్నం కలిపినా అంతా బియ్యమే. పెళ్ళయి నారాయణపేట వచ్చాకే రోజూ జొన్నరొట్టె చేసే ఇల్లు చూశాను. మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ రాత్రి రొట్టె లేకపోతే తిన్నట్టే ఉండదంటుంది.

అసలు సంగతికి వస్తాను. మా ఆయనకు 46 ఏళ్ళు, మోటార్ వైండింగ్ షాపు నడుపుతారు. పొద్దంతా కూర్చునే పని. మొన్న టెస్టు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. డాక్టరు గారు "ఇది ఇంకా షుగర్ కాదు, అంచు మీద ఉన్నారు. అన్నం తగ్గించండి, రోజూ నడవండి, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆ రోజు నుంచి మా వంటింట్లో నాలుగు పొయ్యిలు వెలుగుతున్నట్టుంది.

మా ఆయన ఫోన్‌లో వీడియోలు చూసి కీటో మొదలుపెట్టారు. అన్నం, రొట్టె, పప్పు, పండ్లు అన్నీ బంద్. గుడ్లు, చికెన్, పనీర్, వెన్న, కొబ్బరినూనె. బరువు తగ్గారు, అది నిజం. కానీ విరేచనం సాఫీగా కావడం లేదు, సాయంత్రానికి తలనొప్పి అంటున్నారు. అంతకన్నా నాకు బాధ కలిగేది వేరే ఉంది. మా ఇంట్లో రాత్రి అందరం ఒక దగ్గర కూర్చుని తినేవాళ్ళం. ఇప్పుడు ఆయన ముందే తినేసి లేచిపోతున్నారు. అత్తమ్మ చేతిరొట్టె ముందు కూర్చుంటే తినకుండా ఉండలేనని ఆయనే చెప్పారు.

బాబు డిగ్రీ. జిమ్‌కు పోతున్నాడు, పొద్దున లేస్తే ప్రొటీన్ అంటాడు. పాప ఇంటర్. మాంసం మానేసింది. అది తన ఇష్టం, నేను కాదనను. కానీ మాంసం బదులు పప్పు తినాలి కదా, మరమరాలు, బిస్కెట్లు, చాయ్‌తో కడుపు నింపుకుంటుంది. హిమోగ్లోబిన్ 9.8 ఉంది. అత్తమ్మ శనివారం ఒక్కపొద్దు. "నేను చిన్నప్పటి నుంచి చేస్తున్నదానికి మీరు ఇంగ్లీషు పేరు పెట్టి యాప్‌లో టైం చూసుకుంటున్నరు" అని మా బాబుతో అంటుంది.

నేను టైలరింగ్ చేస్తాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఊపిరాడదు. మనిషికొక వంట నా వల్ల కాదు. ఒకే కూర, ఒకే పప్పు చేసి ఎవరికి కావలసినట్టు వాళ్ళకు వడ్డించే దారి ఉందా? పూర్తిగా జొన్నకు మారిపోతే షుగర్ తగ్గుతుందా? మీ ఇళ్ళల్లో నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి.

———

కొల్లాపూర్ సిరిధాన్యాలు:

అక్కా, బియ్యం, గోధుమ రెండూ మానేసి కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు మాత్రమే వాడండి. పొద్దున అంబలి తాగించండి. మా ఇంట్లో అదే చేస్తున్నాం. రాత్రే నానబెట్టుకోవాలి, అదొక్కటే ఓపిక కావాలి. జొన్న కూడా అక్కర్లేదు.

———

మక్తల్ రైతుబిడ్డ:

చెల్లె, కొల్లాపూర్ తమ్ముడు చెప్పినవి మంచి ధాన్యాలే. కానీ ఐదుగురున్న ఇంట్లో రోజూ అవే అంటే ఖర్చు చూసుకోవాలి. ఇంట్లో ముసలామె చేతిలో జొన్నరొట్టె ఉండగా దాన్ని అక్కర్లేదనడం నాకు నచ్చలేదు. మన ఇళ్ళల్లో మూడు పూటలా అన్నం వచ్చింది నిన్న మొన్నే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినంక మా ఊళ్ళో జొన్న గట్క, అంటే జొన్న రవ్వతో వండే అన్నం, తగ్గుతూ వచ్చింది. అంతకుముందు అన్నం అంటే పండగకో, చుట్టాలు వస్తేనో. పేదోళ్ళ కడుపు నిండింది, ఆ బియ్యాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ గట్క, అంబలి, సజ్జరొట్టె తినడం నామోషీ అనుకున్న రోజులు కూడా అప్పుడే వచ్చినయి. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్న. జొన్న తింటే షుగర్ దానంతట అదే తగ్గదు. ఎంత తిన్నారన్నది ముఖ్యం. బియ్యంలో నూటికి 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే జొన్నలో 68 దాకా ఉంటుంది. తేడా మరీ ఎక్కువేం కాదు. పీచులో మాత్రం బాగా తేడా ఉంది, బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నలో 10 గ్రాములు. అందుకే రొట్టె తింటే తొందరగా ఆకలి కాదు. కానీ మన వైపు మగవాళ్ళు పెద్ద రొట్టెలు మూడు తిని, మీద మళ్ళీ పెరుగన్నం తింటరు. అట్లయితే లాభమేముంది? మా ఇంట్లో ఆయనకు షుగర్ వచ్చినంక నేను పెట్టిన కట్టు ఒక్కటే. రొట్టె తిన్న పూట అన్నం లేదు, అన్నం తిన్న పూట రొట్టె లేదు.

నీది అన్నం తిన్న చెయ్యి కాబట్టి రొట్టె సంగతి వివరంగా చెప్తాను. పిండి పాతదైతే రొట్టె పగులుతుంది, వారానికి సరిపడా మాత్రమే పట్టించుకో. జొన్నలో గోధుమలో లాగ జిగురు ఉండదు. అందుకే నీళ్ళు తెర్లుతున్నప్పుడే పిండిలో పొయ్యాలి. గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి రాగానే అరచేతి మడమతో గట్టిగా మర్దించాలి. ముద్ద అంచులు పగలకుండా మెత్తగా అయ్యేదాకా వదలొద్దు. పీట మీద పొడి పిండి చల్లి, ముద్దను తిప్పుతూ చేత్తో తట్టుకుంటూ పోవాలి. పెనం మీద వేసినంక పైన కనిపించే పొడి పిండిని తడి గుడ్డతో తుడవాలి. తడి ఆరగానే తిప్పెయ్యి, ఇంకా ఆగితే గట్టిపడుతుంది. మీ అత్తమ్మ పక్కన కూర్చుని నేర్చుకో. ఆమె ఓపిక తగ్గేలోపు ఆ పని నీ చేతికి రావాలి.

కూర సంగతికి వస్తే, అందరికీ ఒకటే చాలు. పుంటికూర పప్పు, గంగవాయిలి పప్పు, తోటకూర పప్పు. పప్పు ఎక్కువ వేసి చిక్కగా వండు. మీ ఆయన రెండు గిన్నెలు తిని ఒక రొట్టెతో ఆపాలి. బాబుకు పక్కన రెండు ఉడకబెట్టిన గుడ్లు. పాపకు అదే పప్పు, మీద ఇన్ని పల్లీలు. పొయ్యి ఒకటే, పళ్ళెంలో కొలతలే వేరు.

———

పాలమూరు న్యూట్రిషనిస్ట్:

అక్కా, నేను మహబూబ్‌నగర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తాను. మక్తల్ అక్క చెప్పినదానితో ఏకీభవిస్తూ కొన్ని మాటలు.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. 6.5 నుంచి షుగర్. మీ ఆయనది తిండి, నడకలతో వెనక్కి తీసుకురాగలిగే దశ. కీటోతో తొందరగా బరువు తగ్గే మాట నిజమే. కానీ పీచు దాదాపు లేకుండా పోతుంది కాబట్టి మీరు చెప్పిన మలబద్ధకం చాలామందిలో చూస్తాం. కీటో కొనసాగించాలనుకుంటే డాక్టరుకు చెప్పి కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటూ చేయాలి. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే డాక్టరును అడగకుండా అన్నం మానేయడం, పూట మానేయడం చేయకండి. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒక్కపొద్దుకైనా, యాప్ పెట్టుకుని చేసే ఉపవాసానికైనా ఇదే వర్తిస్తుంది. మీ అత్తమ్మ గారికి షుగర్ మాత్రలు లేకపోతే ఆవిడ అలవాటు ఆవిడను చేసుకోనివ్వండి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల తిండికి ఒక లెక్క ఉంది. రోజు మొత్తానికి ధాన్యం 250 గ్రాములు, పప్పు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్ళల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. అన్నం గుట్టగా, కూర అంచుకు. మీ ఆయనకు ముందు కూర, పప్పు వడ్డించి, రొట్టె ఆఖరున పెట్టండి. షాపు నుంచి వచ్చి తిన్నాక పదిహేను నిమిషాలు వీధిలో నడిపించండి. తిన్న తర్వాతి షుగర్‌కు ఆ కాస్త నడక బాగా పనిచేస్తుంది.

మీరు మిర్యాలగూడ వాళ్ళు కాబట్టి ఒక మాట. అన్నం పూర్తిగా వదలనక్కర్లేదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత త్వరగా పెంచుతుందో చూపే అంకె) 51 చుట్టూ వచ్చింది. 55 లోపు ఉంటే తక్కువ అంటాం. అయితే ఆ పేరు చెప్పి రెండింతలు తింటే ఉపయోగం లేదు.

మీ పాప గురించే నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 9.8ని తిండితోనే సరిచేద్దామని ఆగకండి, డాక్టరుకు చూపించి ఐరన్ మాత్రలు మొదలుపెట్టండి. అన్నంతో పాటు చాయ్ తాగడం ముందు ఆపించండి. చాయ్ ఉన్న చోట ఐరన్ ఒంటికి పట్టదు. భోజనానికి గంట అటో ఇటో తాగమనండి. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే ఐరన్ బాగా పడుతుంది. వారంలో రెండు పూటలు సజ్జరొట్టె చేయండి. బియ్యంలో ఐరన్ నూటికి ఒక మిల్లీగ్రాము కూడా లేదు, సజ్జల్లో ఆరు దాటుతుంది. మాంసం, గుడ్డు తినని పిల్ల పాలు, పెరుగు మానకూడదు, బీ12 కోసం.

———

మర్రిగూడ సార్:

జొన్న మాట వచ్చింది కాబట్టి మా నల్లగొండ వైపు వాళ్ళ కోసం రాస్తున్నాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు మండలాల్లో "జొన్న తింటే కాళ్ళు వంకర పోతాయి" అని పెద్దవాళ్ళు అనేవారు. ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. 1970లలో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ఊళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లలను చూసి, జొన్న తినే ఇళ్ళల్లో అది ఎక్కువగా ఉందని రాశారు. జొన్నలోని మాలిబ్డినం అనే ఖనిజం వల్ల ఒంట్లో రాగి తగ్గుతోందా అని కూడా ఆలోచించారు. కానీ అసలు కారణం నీళ్ళు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్ళు. తాగే నీళ్ళు మంచివైతే జొన్నను చూసి భయపడాల్సిన పని లేదు.

ఇప్పుడు ఇళ్ళకు కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అయినా చాలా ఇళ్ళల్లో వంటకు బోరు నీళ్ళే పోస్తారు. తాగేవి మంచివైతే చాలు, వండేవి మరుగుతాయి కదా అనుకుంటారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పప్పు, గట్క, అంబలి అన్నీ నీళ్ళు పీల్చుకునే వంటలు. దయచేసి వాటికి కూడా నల్లా నీళ్ళే వాడండి. మా బడి పిల్లల తల్లులకు ఏళ్ళ తరబడి ఇదే చెబుతున్నాను. ఇంకొకటి, చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని అదే సంస్థ వాళ్ళు పిల్లల మీద పరిశీలించి 2002లో ప్రచురించారు. మన పచ్చిపులుసు మానకండి.

———

నారాయణపేట కోడలు:

అందరికీ చేతులెత్తి దండం. మక్తల్ అక్కా, మీ మాట చదివి అత్తమ్మకు వినిపించాను. "అరచేతి మడమ" అన్న దగ్గర ఆపి, "ఎవరో తెలిసినామె" అంది. నిన్న రాత్రి ఆమె పక్కన కూర్చుని నేనే ముద్ద కలిపాను. తట్టడం మాత్రం ఆమే తట్టింది.

మా ఆయనతో మాట్లాడాను. బలవంతం చేయలేదు. కీటోలో ఏం నచ్చింది అని అడిగితే, "ఏం తినాలో, ఏం తినొద్దో తేల్చి చెప్తరు, అనుమానం ఉండదు" అన్నారు. అది నాకు అర్థమైంది. అందుకని మేమూ తేల్చి పెట్టుకున్నాం. రాత్రి ఒకటే రొట్టె, పప్పు, కూర ఎంతైనా. మధ్యాహ్నం షాపుకు పంపే డబ్బాలో అన్నం ఒక కప్పు, మిగతాదంతా కూర. మూడు నెలల పరీక్ష దాకా ఇది. పాపను రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అమ్మకు ఫోన్ చేసి తెలంగాణ సోనా బియ్యం ఒక బస్తా పంపమన్నాను.

ఒక్క సందేహం మిగిలింది. మధ్యాహ్నం డబ్బాలో అన్నం బదులు జొన్న గట్క పెట్టొచ్చా? చల్లారితే గడ్డ కడుతుందేమో అని.

———

మక్తల్ రైతుబిడ్డ:

పెట్టొచ్చు చెల్లె. రవ్వను ముందు మూడు నాలుగు సార్లు కడిగి, పైకి తేలిన పొట్టు పారబోయి. ఒకటికి నాలుగు నీళ్ళు పోసి మెత్తగా ఉడికించు. డబ్బాలో పెట్టేటప్పుడు వేడిగానే ఇంత పలుచటి చల్ల పోసి కలిపితే సాయంత్రం దాకా గడ్డ కట్టదు. పక్కన ఉల్లిగడ్డ, ఇంత పల్లీల కారం పెట్టు. పప్పు మాత్రం వేరే గిన్నెలో పంపు, అందులో కలిపితే పులిసిపోతుంది. ఎండాకాలమైతే ఇంకా మంచిది, కడుపు చల్లగా ఉంటుంది. రొట్టె తట్టడం వచ్చినంక రాయి.