సెంటాస్ 7 సర్వర్‌కి వీఎస్ కోడ్ రిమోట్ ఎక్కడం లేదు, ఓఎస్ మార్చకుండా దారి ఉందా?

ప్రశ్న (భీమవరం):
రొయ్యల చెరువుల నుంచి ఆక్సిజన్ రీడింగులు తీసుకునే సర్వర్ సెంటాస్ 7 అనే పాత లినక్స్ ఓఎస్ మీద నడుస్తోందండి. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే ఏరేటర్లు వేయమని రైతులకి మెసేజ్ వెళ్లేది దాంట్లోంచే. వీఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్) అప్‌డేట్ అయ్యాక, దాంట్లోంచి సర్వర్‌ని తెరిచే రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ కావడం లేదు, హోస్ట్‌కి కనీస అర్హతలు లేవంటోంది. టెర్మినల్లోంచి ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగానే వెళ్తోంది. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా ఓఎస్ ముట్టుకోలేం. డెవ్‌టూల్‌సెట్ ప్యాకేజీతో కొత్త జీసీసీ కంపైలర్ వేస్తే సరిపోతుందా, దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీయే మార్చాలా?

జవాబు (కాకినాడ):
గ్లిబ్‌సీ జోలికి మాత్రం వెళ్లకండి. సిస్టమ్‌లోని గ్లిబ్‌సీ ఫైలు (లిబ్‌సీ) మీద కొత్తది కాపీ చేస్తే ఎల్‌ఎస్, సుడో లాంటి కమాండ్లు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు తీసుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ అన్నీ ఒకేసారి పడిపోతాయి. మళ్లీ లాగిన్ కూడా కాలేరు, రెస్క్యూ డిస్క్ పట్టుకుని సర్వర్ దగ్గరికే వెళ్లాలి. డెవ్‌టూల్‌సెట్ కంపైలర్‌ని కొత్తది చేస్తుంది గానీ గ్లిబ్‌సీ పాతదే ఉంటుంది, కాబట్టి అదీ పనికిరాదు.

అసలు సంగతి ఇది. ఎడిటర్ మీ సర్వర్‌లో తన నోడ్ జేఎస్‌ని (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్‌ని) దింపి నడుపుతుంది. దానికి గ్లిబ్‌సీ 2.28 కావాలి. సెంటాస్ 7లో ఉన్నది 2.17. ఉబుంటు 18.04 కూడా 2.27 దగ్గరే ఆగిపోయింది. 2024 మొదట్లో వీఎస్ కోడ్ 1.86 వెర్షన్‌తో ఈ నిబంధన వచ్చింది, గోల అయ్యాక హెచ్చరిక చూపించి కొన్నాళ్లు వదిలేశారు. 2025లో 1.99తో పూర్తిగా ఆపేశారు.

మీకు తేలిక దారి వీఎస్ కోడ్ 1.98 వాడటం. విండోస్ అయితే జిప్ తెచ్చుకుని, విప్పిన ఫోల్డర్లో 'డేటా' (data) అనే ఖాళీ ఫోల్డర్ పెట్టండి. అప్పుడు ఇప్పుడున్న ఎడిటర్‌తో కలవకుండా విడిగా నడుస్తుంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ మోడ్‌ని 'నన్' (none) చేయండి. సర్వర్లో హోమ్ కింద ఉన్న పాత వీఎస్‌కోడ్ సర్వర్ ఫోల్డర్ తీసేసి కనెక్ట్ చేయండి.

జవాబు (అమలాపురం):
కొత్త ఎడిటరే కావాలంటే సిస్‌రూట్ (విడిగా పెట్టుకునే లైబ్రరీల ఫోల్డర్) పద్ధతి ఉందండి. క్రాస్‌టూల్ ఎన్‌జీ అనే టూల్‌తో గ్లిబ్‌సీ 2.28 ఉన్న సిస్‌రూట్‌ని వేరే మెషీన్‌లో కట్టి, సర్వర్‌లో ఆప్ట్ ఫోల్డర్ కింద పెట్టాలి. ప్రోగ్రాములు వాడే లైబ్రరీల దారిని మార్చే ప్యాచెల్ఫ్ 0.18 వేయాలి. లింకర్, లైబ్రరీల దారి, ప్యాచెల్ఫ్ దారి చెప్పే మూడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని షెల్ మొదలయ్యేటప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో పై వరసలోనే రాయండి. 'ఇంటరాక్టివ్ కాకపోతే ఆపేయి' అనే లైను చాలా ఫైళ్లలో ఉంటుంది, దాని కింద రాస్తే ఎడిటర్‌కి కనబడవు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

ఇది మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్‌లో ఉన్నదే అయినా అధికారిక సపోర్ట్ లేదు. సొంత బైనరీలు తెచ్చుకునే ఎక్స్‌టెన్షన్లు మొరాయించొచ్చు.

జవాబు (పాలకొల్లు):
డాకర్ (ప్రోగ్రాములని విడి కంటైనర్లలో నడిపేది) ఉంటే నా ఓటు దానికే. రాకీ 8 లినక్స్ ఇమేజ్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ పెట్టి, 2222 పోర్టు తెరిచి, కోడ్ ఫోల్డర్‌ని మౌంట్ చేసి ఎడిటర్‌ని నేరుగా ఆ పోర్టుకి కలపండి. మీ రీడింగుల ప్రోగ్రామ్ బయటే నడుస్తుంది, దానికేమీ కాదు. ఉబుంటు 22.04 లాంటి కొత్త ఇమేజ్ వద్దు. పాత డాకర్‌లో అది వాడే క్లోన్3 సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ని అడిగే పని) దగ్గర తేడా చేస్తుంది.

జవాబు (కాకినాడ):
పాలకొల్లు వారి పద్ధతి బాగుంది, కానీ 2222ని బయటి నెట్‌కి తెరవొద్దు, లోకల్ ఐపీకే కట్టండి. సెంటాస్ 7కి 2024 జూన్ 30 నుంచి సెక్యూరిటీ ప్యాచులు లేవు. పట్టుబడి అవగానే ఆల్మా 8 లినక్స్‌కి వెళ్లండి, అందులో గ్లిబ్‌సీ సరిగ్గా 2.28. ఆల్మా 9 అనుకుంటే ముందు సీపీయూ చూసుకోండి, మరీ పాత ప్రాసెసర్ల మీద అది ఎక్కదు.