ఈ వారం సమస్య: వాన లేనట్టి గదిలోన వాన కురిసె

నిర్వాహకుడు: పైన ఇచ్చింది పద్యంలో చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు తేటగీతి, అంటే నాలుగు పాదాల చిన్న పద్యం. నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో సన్నజల్లు పడుతుంటే ‘రిమ్‌ఝిమ్ గిరే సావన్’ అనే హిందీ పాట గుర్తొచ్చింది. 1979 నాటి ‘మంజిల్’ సినిమాలోది. యోగేశ్ రాశారు, రాహుల్‌దేవ్ బర్మన్ బాణీ కట్టారు. తెరమీద కిశోర్ కుమార్ పాడిన పాట వచ్చేది గదిలో, హార్మోనియం ముందు, నలుగురి మధ్య. అదే పాట లతా మంగేష్కర్ గొంతులో వచ్చేది బొంబాయి వీధుల్లో, నిజం వానలో. నాకైతే వాన లేని పాటలోనే తడి ఎక్కువ. మీ మాట పద్యంలో చెప్పండి.

పెందుర్తి అక్క:
హార్మొనీ మెట్లపై వేళ్లు హాయి నాడ
మెల్లగా నా కిశోరుండు మేను మరచి
పాడ, వినువారి కనులందు బాష్ప మొలికె
వాన లేనట్టి గదిలోన వాన కురిసె

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలూ కళ్లకు కట్టాయమ్మా. మూడోదే ఒప్పుకోలేను. ఈ పాటలో ఏడుపెక్కడుంది? చినుకులు పడుతుంటే మనసు రగులుతోందన్నాడు కవి. వాన అనగానే కన్నీళ్లు తేలిగ్గా వచ్చేస్తాయి, అక్కడే జాగ్రత్త పడాలి.

పెందుర్తి అక్క: నిజమే మాస్టారూ. ఇలా మారుస్తాను: ‘పాడ నెడదలో రగిలెడు బాధపైన’.

నిర్వాహకుడు: ఇప్పుడు నిప్పూ ఉంది, నీళ్లూ ఉన్నాయి. భేష్!

ఎంవీపీ కాలనీ శ్రోత:
ఎండ మాడ్చెడు మే నెల నింటిలోన
తలుపు మూసి నే విన లత తడిసి పాడె
కడలి పక్కన బొంబాయి గాలి సోకి
వాన లేనట్టి గదిలోన వాన కురిసె

పెందుర్తి అక్క: తెరమీద తడిసింది మౌసమీ చటర్జీ, పక్కన అమితాబ్. లత కాదు కదండీ?

ఎంవీపీ కాలనీ శ్రోత: కళ్లు మూసుకుని వినండి అక్కా, ఆ గొంతే తడిసినట్టు ఉంటుంది.

నిర్వాహకుడు: ఆ మాట ఉండనివ్వండి. ‘కడలి పక్కన’ అన్నది బొంబాయికీ మన విశాఖకీ ఒకేసారి అతికింది, పద్యానికి ప్రాణం అదే. కాకపోతే మన ఊళ్లో మే నెలంటే ఎండకన్నా ఉక్కే కదా. ‘ఉక్క పోసెడు మే నెల నింటిలోన’ అంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట జత అక్షరం కుదరాలన్న నియమం) తప్పుతుంది, ఉకారానికి ఇకారం చెల్లదు. ‘ఉక్క పోసెడు మే నెల నొంటిగాను’ అనండి. యతీ కుదిరింది, తలుపెందుకు మూశారో కూడా తెలిసింది.

గాజువాక తమ్ముడు: నాకిదే మొదటి పూరణ, తప్పులుంటే చెప్పండి.
కుర్రవాడు గిటారుతో పాట పాడె
దీప మారిన హాస్టలు దిక్కులన్ని
చెవులు రిక్కింపఁ దీగల చినుకు రాలి
వాన లేనట్టి గదిలోన వాన కురిసె

నిర్వాహకుడు: బాబూ, గణాలన్నీ, అంటే గురులఘువుల లెక్కంతా, సరిపోయాయి. మొదటి పాదంలో ‘కు’కి ‘పా’ యతి కాదు. ‘గొంతు కలిపె’ అంటే చాలు. కరెంటు పోయిన హాస్టల్లో ఆ పాట నీ చెవిన పడే ఉంటుంది, లేకపోతే ‘తీగల చినుకు’ అన్న మాట తట్టదు. కిశోర్, లతల తర్వాత ఎందరు కుర్రాళ్లు పాడుకుంటే పాట అంత బతికినట్టు. రాస్తూ ఉండు.

పెందుర్తి అక్క: మాస్టారూ, ఇప్పుడే రెండూ వరుసగా విన్నాను. కిశోర్‌ది మళ్లీ పెట్టాను.