విశ్వాసులిద్దరు కలిసి వ్యాపారం పెడితే అగ్రిమెంటు రాసుకోవాలా? అది అపనమ్మకమా?

పెన్నాఒడ్డు (కడప)
అందరికీ వందనాలు. ఒకే సంఘానికి వెళ్లే ఇద్దరు బ్రదర్స్ ఎర్రగుంట్ల దగ్గర బండల కటింగ్, పాలిష్ యూనిట్ పెట్టబోతున్నారు. ఒకరు 15 లక్షలు పెడతారు. రెండో ఆయన 3 లక్షలు పెట్టి, రోజూ యూనిట్ దగ్గరుండి పని చూసుకుంటాడు. ఆడిటరు పార్ట్‌నర్‌షిప్ డీడ్ (భాగస్వామ్య పత్రం) రాయించుకోమన్నాడు. సంఘ పెద్దల్లో కొందరేమో "దేవుని బిడ్డల మధ్య స్టాంపు పేపరేమిటి, ప్రార్థన చేసుకుని మొదలుపెట్టండి" అంటున్నారు. ప్రసంగి 4లో ఒంటిగాడికంటే ఇద్దరు మేలనీ, మూడుపేటల తాడు త్వరగా తెగదనీ ఉంది, ఆ మూడో పేట దేవుడే అని వాళ్ల వాదన. మీరేమంటారు?

గుత్తికోట
పెద్దలు చెప్పిందే సరి. పెళ్లిపీటల మీద కూర్చుని విడాకుల కాగితం రాసుకుంటామా? లూకా 5లో యాకోబు, యోహాను సీమోనుతో పాలివాళ్లు, అంటే భాగస్వాములు. అపొస్తలుల కార్యములు 18లో పౌలు అకుల, ప్రిస్కిల్ల దగ్గరుండి డేరాలు కుట్టాడు. ఎక్కడన్నా కాగితం కనబడిందా?

కేసీకెనాల్ (కర్నూలు)
కనబడిందన్నా. యిర్మీయా 32 తీయండి. అనాతోతు పొలం అమ్మేది పరాయివాడు కాదు, యిర్మీయా తండ్రి తోడబుట్టిన షల్లూము కొడుకు. కొనమన్నది దేవుడే. అయినా యిర్మీయా 17 తులాల వెండి తూచి, పత్రం రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిచాడు. ముద్ర వేసింది ఒకటి, ముద్ర లేనిది ఒకటి, రెండు పత్రాలూ మట్టికుండలో పెట్టించాడు. దేవుడు చెప్పాడు కదా, కాగితమెందుకు అనలేదు.

ఇంకో సంగతి. మీరు రాసుకోకపోతే ఒప్పందం లేనట్టు కాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో ఏముందో అదే మీ ఒప్పందం అవుతుంది. సెక్షన్ 13 చూడండి. వేరే మాట అనుకోకపోతే పెట్టుబడి ఎంతైనా లాభనష్టాలు చెరిసగం, పని చేసినాయనకు జీతం లేదు. ఏడాదికి 6 లక్షలు మిగిలితే చెరి 3 లక్షలు. 15 లక్షలు పెట్టినాయన "నా డబ్బుకు విలువేదీ" అంటాడు, రోజంతా బండల దుమ్ములో నిలబడినాయన "నా జీతమేదీ" అంటాడు. 4 లక్షలు నష్టం వస్తే 3 లక్షలు పెట్టినాయన నెత్తిన 2 లక్షలు. ఇద్దరూ మంచోళ్లే, ఇద్దరికీ న్యాయం తమవైపే ఉందనిపిస్తుంది. గొడవలు మొదలయ్యేది ఇక్కడే, దొంగతనం దగ్గర కాదు.

గుత్తికోట
మాట మీద అనుకున్నా చట్టం ఒప్పుకుంటుంది కదా?

కేసీకెనాల్
ఒప్పుకుంటుంది. రుజువు చేసేదెట్లా? పైగా పని చేసే భాగస్వామికి ఇచ్చే జీతం డీడ్‌లో రాసుంటేనే ఇన్‌కమ్ ట్యాక్సు వాళ్లు ఖర్చుగా ఒప్పుకుంటారు. పెట్టుబడి మీద వడ్డీ కూడా అంతే, అదీ 12 శాతం వరకే. సంస్థ పేరు మీద పాన్ కార్డుకు, బ్యాంకులో కరెంట్ అకౌంటుకు ముందు అడిగేదే డీడ్.

రాసి బీరువాలో పెట్టుకుంటే చాలదు, ఫర్మును రిజిస్టరు చేయించాలి. సంస్థ పేరు, చోటు, ఎవరు ఏ తేదీన చేరారు, చిరునామాలు, ఎంతకాలానికి అన్న వివరాలు రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఇవ్వాలి. అది చేయకపోతే సెక్షన్ 69 కింద, బండలు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద మీ ఫర్ము దావా వేయలేదు. మీ మీద మాత్రం ఎవరైనా వేయొచ్చు.

చీనీతోట (అనంతపురం)
గుత్తి బ్రదర్, వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఎట్లా పుట్టిందో గుర్తు చేసుకోండి. 1919లో తరంగంబాడిలో మాటలు మొదలైతే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సంఘం ఏర్పడింది. 28 ఏళ్లు! బిషప్పుల అధికారం ఎంత, పాత మిషన్ల పాస్టర్ల అభిషేకం చెల్లుతుందా, అన్నీ షరతులుగా రాసుకున్నాకే కలిశారు. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ సంఘాలు చేరాయి, నంద్యాల వైపు ఆంగ్లికన్లలో (ఇంగ్లండు చర్చి వాళ్లలో) చాలామంది 1975 దాకా బయటే ఉన్నారు. వాళ్లను అపనమ్మకస్తులు అంటామా?

డీడ్‌లో లాభం వాటా మీద అందరూ గంటలు గంటలు మాట్లాడతారు. ముంచేది మాత్రం అప్పు. సెక్షన్ 25 ప్రకారం ఫర్ము అప్పుకు ఇద్దరూ కలిసీ బాధ్యులే, ఒక్కొక్కరూ మొత్తానికీ బాధ్యులే. ఒకాయన ఫర్ము పేరు మీద రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి నూటికి 24, తెచ్చి చేతులెత్తేస్తే రెండో ఆయన ఇల్లు అమ్మాల్సి వస్తుంది. పూటపడొద్దని (ష్యూరిటీ ఉండొద్దని) సామెతలు 6లో చెప్పింది ఇలాంటి ఉచ్చు గురించే. అందుకని "25 వేలు దాటిన అప్పుకు, చెక్కుకు ఇద్దరి సంతకాలు ఉండాలి" అని రాయండి. అక్కడితో ఆగొద్దు. ఆ షరతు సంగతి తెలియని బయటివాడికి అది వర్తించదు, కాబట్టి బ్యాంకుకు, మీరు అరువు తెచ్చే షాపులకు ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

రెండోది మరణం. ఇద్దరే ఉన్న ఫర్ములో ఒకరు పోతే ఫర్మే ఉండదు. వారసుడు చేరతాడని రాసుకున్నా మళ్లీ కొత్త డీడే. అందుకే ఎన్ని నెలల్లో లెక్క తేల్చాలి, మెషీన్లకు, యార్డులో ఉన్న బండలకు ధర ఎవరు కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అన్నది ముందే రాయాలి. సమాధి కార్యక్రమం అయిన వారానికి ఆ ఇంటి సిస్టర్‌తో బండల రేటు మాట్లాడే పని ఎవరికీ రాకూడదు.

గుత్తికోట
సరే, అప్పు సంగతి ఒప్పుకుంటా. కానీ మీరందరూ మనిషిని వదిలేసి కాగితం పట్టుకున్నారు. పౌలు, బర్నబా మధ్య వచ్చింది డబ్బు గొడవ కాదు, మార్కును వెంట తీసుకుపోవాలా వద్దా అని. ఏ డీడ్ ఆపుతుంది దాన్ని? తర్వాత అదే మార్కు తనకు ప్రయోజనకరమైనవాడని 2 తిమోతి 4లో పౌలు రాశాడు, అది కాగితం వల్ల వచ్చిన మార్పు కాదు. వాక్యం విని మారే మనిషితోనే కలవాలి. అలాంటివాడు కాకపోతే వంద పేజీలు రాసినా దండగ.

చీనీతోట
ఈ మాటకు నేనూ సంతకం పెడతా. అందుకే డీడ్ కంటే ముందు అడగాల్సినవి: ఇప్పుడున్న అప్పులెన్ని, ఎన్ని చీటీలు కడుతున్నాడు, ఎవరికి ష్యూరిటీ ఉన్నాడు, సిబిల్ రిపోర్టు (పాత అప్పులు ఎట్లా కట్టాడో చెప్పేది). ఇంట్లో ఆమెకు ఈ పెట్టుబడి సంగతి తెలుసా? ఆదివారం ఆరాధనలో గట్టిగా పాడతాడన్నది లెక్కలోకి రాదు. ఇవి అడిగితే ముఖం మాడ్చుకునేవాడు మూడోనెలలో క్యాష్‌బుక్ అడిగినా మాడ్చుకుంటాడు.

బేతంచర్లబండ
అసలు విశ్వాసే కావాలా? నాపరాళ్ల లైనులో పని తెలిసి, మాట మీద నిలబడే ముస్లిం సోదరులు, హిందూ సోదరులు ఎంతమంది లేరు? అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి అన్న 2 కొరింథీ 6 వాక్యం వ్యాపారానికీ వర్తిస్తుందా?

కేసీకెనాల్
రెండువైపులా వాక్యం ఉంది. యూదా రాజు యెహోషాపాతు, దుర్మార్గుడైన ఇశ్రాయేలు రాజు అహజ్యాతో కలిసి కట్టించిన ఓడలు బద్దలయ్యాయి, 2 దినవృత్తాంతములు 20. సొలొమోను మాత్రం అన్యుడైన తూరు రాజు హీరాముతో దేవదారు మానులకు గోధుమలు, నూనె ఒప్పందం చేసుకుని మందిరమే కట్టాడు. నా లెక్క ఇది: కొనడం, అమ్మడం, కాంట్రాక్టు ఎవరితోనైనా సరే. ఒకరి సంతకం ఇంకొకరిని కట్టిపడేసే భాగస్వామ్యమైతే, లంచం, దొంగ బిల్లు దగ్గర ఇద్దరిదీ ఒకే మాట కావాలి. బిల్లు లేకుండా లోడు పంపే విశ్వాసితో కలిసినా అది సరైన జోడు కాదు.

పెన్నాఒడ్డు
మంచిది. ఇంకో రెండు అడగాలి. దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఫర్ములోంచి తీయాలా? తగవొస్తే కోర్టుకు పోకుండా ఇద్దరు సంఘ పెద్దలను మధ్యవర్తులుగా రాయొచ్చా?

కేసీకెనాల్
దశమభాగం ఎవరి వాటాలోంచి వాళ్లు, వాళ్ల మనస్సాక్షి ప్రకారం. ఫర్ములోంచి తీస్తే ఒకరి కానుక ఇంకొకరి ఖర్చవుతుంది. ఆదివారం లోడింగ్ ఉండదన్నది మాత్రం డీడ్‌లోనే రాయండి, లేకుంటే లారీ వచ్చిన ప్రతి ఆదివారం వాదనే.

ఇద్దరు పెద్దలు వద్దు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తుల సంఖ్య సరిసంఖ్య కాకూడదు. ఒకరో ముగ్గురో ఉండాలి. దానికి ముందు మత్తయి 18 వరసనే పెట్టుకోండి: మొదటి 15 రోజులు ఇద్దరే మాట్లాడుకోవాలి, తర్వాత 15 రోజులు ఒకరిద్దరు సాక్షులతో, అప్పటికీ తేలకపోతే ముగ్గురు మధ్యవర్తుల దగ్గరికి.

గుత్తికోట
ముగ్గురిలో ఒకరు అకౌంట్లు చదవగలిగినాయన ఉండేట్టు చూసుకోండి. మీ పాస్టరుగారిని మాత్రం పెట్టొద్దు. ఇద్దరి కానుకలూ ఆయన చేతికే వస్తాయి, ఆయన తీర్పు ఎటు చెప్పినా ఒక కుటుంబం సంఘం మారుతుంది.