2009 వరద కళ్లకు కట్టినట్టు గుర్తుంది, కానీ ఆరోజు నేను కర్నూల్లోనే లేనంట. ఇదెట్ల సాధ్యం?

హంద్రి గట్టు:
2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి మా పాతబస్తీ మునిగినప్పుడు నాకు ఆరేండ్లు. బురదనీళ్లు ఒక్కో మెట్టు ఎక్కి రావడం, మా అమ్మ ఎర్ర బకెట్లో బియ్యం పోసుకుని మిద్దెపైకి ఉరకడం, అన్నీ ఇప్పటికీ కనపడ్తాయి. నిన్న మా అమ్మేమో "నువ్వు యాడుంటివి రా, అనంతపురంలో మీ అవ్వ కాడ ఉంటివి" అనింది. మరి ఇన్నేండ్లు నేను అందరికీ చెప్పింది అబద్ధమేనా?

సీమమిర్చి:
అబద్ధం కాదు తమ్ముడూ. మార్సియా జాన్సన్ అనే సైకాలజిస్టు చెప్పిన సోర్స్ మానిటరింగ్ ఇదే. ఏ జ్ఞాపకం యాడ్నుంచి వచ్చిందో దానిమీద రాసిపెట్టి ఉండదు, తల్చుకున్నప్పుడు మనసే తేల్చుకోవాల, బొమ్మ స్పష్టంగా ఉంటే కళ్లారా చూసిందే అనుకుంటాది. ఇంట్లో అదే కథ వందసార్లు విని, టీవీలో ఆ నీళ్లు చూసి, నువ్వు ఊహించుకున్నది చూసినదాంట్లో కలిసిపోయింది.

అనంత టీచరు:
సగమే ఒప్పుకుంటా. బ్రైనర్డ్, రేనా అనే సైకాలజిస్టుల ఫజ్జీ ట్రేస్ థియరీలో జ్ఞాపకం రెండు రకాలుగా పడ్తాది, ఉన్నదున్నట్టు ఒకటి, సారాంశం ఒకటి, మొదటిది తొందరగా చెరిగిపోతాది, సారం నిలబడ్తాది. 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ అనే సైకాలజిస్టులు 'మంచం', 'అలసట', 'కల' లాంటి మాటలు వరసగా వినిపిస్తే అందులో లేని 'నిద్ర' కూడా విన్నామని చానామంది గట్టిగా చెప్పినారు. వాళ్లకెవరూ కథలు చెప్పలేదు కదా? ఈ రకం పరీక్షల్లో చిన్నపిల్లలు పెద్దోళ్లకంటే తక్కువ తప్పు చేస్తారు, సారం పట్టుకోవడం వయసుతోపాటు పెరుగుతాది కాబట్టి. పిల్లల మాట నమ్మొద్దు అని ఊరికే కొట్టేసేది నాకు అస్సలు నచ్చదు.

సీమమిర్చి:
టీచరక్కా, ఒక మాట ఎక్కువ కలవడం వేరు, జరగని రోజే తయారవడం వేరు. లాఫ్టస్, పిక్రెల్ అనే సైకాలజిస్టులు 24 మందికి "చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయినావు" అని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు చెప్తే, పావు వంతు మంది ఎంతోకొంత గుర్తుందన్నారు.

అనంత టీచరు:
24 మందే కదా. పైగా చిన్నప్పుడు తప్పిపోవడం ఎవరికైనా జరిగేదే, నిజంగా ఇంకెక్కడో తప్పిపోయిన ముక్క దాంట్లో కలిసిందేమో. దానిమీద వాదన ఇప్పటికీ నడుస్తాంది.

హంద్రి గట్టు:
మీరిద్దరూ రాసింది చదివి అమ్మని మళ్లీ అడిగినా. ఎర్ర బకెట్ నిజమేనంట, కానీ అది నీళ్లు పోయినంక బురద ఎత్తిపోయడానికి కొన్నదంట, అప్పటికి నేను తిరిగొచ్చినా. అంటే బకెట్ చూసినా, నీళ్లు చూడలే. ఆ మెట్ల సంగతి మా అన్నని అడగాల.