1941 డైరీలో రంగూన్ చిరునామా: ఆ వీధి ఇప్పుడెక్కడ?

తాళ్ళరేవు పిల్ల:
నాన్నమ్మ ట్రంకుపెట్టె అడుగున తాతయ్య డైరీ దొరికిందండి. సగం బియ్యం బస్తాల లెక్కలే. వెనకట్ట లోపల ఊదారంగు కాపీయింగ్ పెన్సిలుతో "29వ వీధి, డల్హౌసీ స్ట్రీటు మూల, మూడో అంతస్తు, రంగూన్" అని ఉంది. ఇంటి నంబరు చెమ్మకి అలుక్కుపోయింది. డిసెంబరు 22 తర్వాత అన్నీ తెల్లకాగితాలే. మ్యాపులో డల్హౌసీ ఎంత వెతికినా రావట్లేదు.

కోరంగి మాస్టారు:
ఆ పేరుతో రాదమ్మా. అదిప్పుడు మహా బందూలా రోడ్డు. ఫ్రేజర్ స్ట్రీటేమో అనోరథా రోడ్డైంది. అంకెల వీధులకి మాత్రం పాత అంకెలే. ఊరిపేరు యాంగోన్ అని కొట్టు. డిసెంబరు 23నే జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి, ఇంక లెక్కలెవరు రాస్తారు! తాతగారు ఇండియాకి ఓడలో వచ్చారా, నడిచా?

తాళ్ళరేవు పిల్ల:
నడిచే వచ్చారట. బర్మాలోని అక్యాబ్ రేవు పేరు నాన్నమ్మ అంటూ ఉండేది.

యానాం బాబు:
అయితే ప్రోమ్ నుంచి తౌంగప్ కనుమ దారే అయ్యుంటుందక్కా. రంగూన్ మనవాళ్ళు చాలామంది అటే వచ్చారు. జాతీయ అభిలేఖాగారం వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో 'ఇండియన్స్ ఓవర్సీస్' శాఖ ఫైళ్ళు చూడు. ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా కొట్టాలి, ఆ గుమస్తాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు.

తాళ్ళరేవు పిల్ల:
మూల దొరికింది! కానీ 29వ వీధి రోడ్డుకి రెండు పక్కలా ఉందే?

కోరంగి మాస్టారు:
నది వైపుది లోయర్ బ్లాకు, అనోరథా వైపుది మిడిల్. చిరునామా పక్కన 'ఎల్' గానీ 'ఎమ్' గానీ ఉందేమో భూతద్దం పెట్టి చూడు.