సిల్వర్ కామ్రీ తీసుకోవచ్చా? కారు కడగడం కూడా రాదు, కాస్త చెప్పండి

ఇర్వింగ్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. వచ్చి మూడు నెలలైంది. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాను, ఆఫీసు ప్లేనోలో. ఇన్నాళ్లూ రూమ్మేట్ అన్న కారులో వెళ్లొస్తున్నాను. వచ్చే నెల నుంచి ఆయన ప్రాజెక్టు హ్యూస్టన్‌కి మారుతోంది. కారు లేకపోతే ఇక్కడ పాలప్యాకెట్ కూడా తెచ్చుకోలేమని మూడో రోజే అర్థమైంది.

2017 టొయోటా కామ్రీ ఒకటి చూశాను. సిల్వర్ కలర్, 78 వేల మైళ్లు, ఓనరే అమ్ముతున్నారు. మెకానిక్‌కి చూపించాను, ఇంజిన్, గేర్‌బాక్స్ బాగున్నాయన్నాడు. అసలు గొడవంతా రంగు దగ్గరే. రూములో ఒకడు సిల్వర్ తాతల కలర్ అంటాడు. ఇంకొకడు ఇన్సూరెన్స్ తక్కువ పడుతుందంటాడు. నాన్నగారేమో ఫోన్ చేసినప్పుడల్లా "తెల్లది దొరకలేదా?" అంటున్నారు.

ఇంకో విషయం, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా ఇంట్లో కారు రోజూ పొద్దున్నే వాచ్‌మన్ తుడిచేవాడు. నేనెప్పుడూ కారు కడగలేదు. పాలిష్, వ్యాక్స్, సిరామిక్ అని యూట్యూబ్‌లో చూస్తుంటే టెన్షన్ వస్తోంది. అపార్ట్‌మెంట్‌లో బయట కొళాయి కూడా లేదు. ఏం చేయమంటారు?

ఫ్రిస్కో నుంచి:

తీసేసుకో తమ్ముడూ. మే నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడి ఎండ ఒక్కసారి చూస్తే రంగు గురించి ఇంకెవరినీ అడగవు. నల్ల కారు సీటు మీద షార్ట్స్ వేసుకుని కూర్చున్నవాణ్ణి అడుగు, చెబుతాడు.

ఇది నా సొంత కవిత్వం కాదు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబ్ వాళ్లు రెండు హోండా సివిక్‌లు, ఒకటి నల్లది, ఒకటి సిల్వర్‌ది, శాక్రమెంటో ఎండలో పక్కపక్కన పెట్టి కొలిచారు. 2011లో ప్రచురించారు. నల్లదాని టాప్ సిల్వర్‌దానికంటే 25 డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కువ వేడెక్కింది. లోపలి గాలి సిల్వర్‌లో 5, 6 డిగ్రీలు చల్లగా ఉంది. తెల్లది కూడా అలాంటిదే, మీ నాన్నగారు చెప్పింది తప్పేం కాదు. దొరికితే తీసుకో, దొరక్కపోతే సిల్వర్ తీసుకో.

ఇన్సూరెన్స్ మాట మాత్రం వట్టిది. కంపెనీవాళ్లు కోట్ ఇచ్చేటప్పుడు రంగే అడగరు.

ప్లేనో నుంచి, పాత సభ్యుడు:

తమ్ముడూ, పదకొండేళ్లు సిల్వర్ అకార్డ్ నడిపినవాడిగా చెబుతున్నాను. సిల్వర్ దాచిపెట్టే రంగు. కొన్నాక నీ బద్ధకాన్ని దాస్తుంది. కొనకముందు అమ్మేవాడి గుట్టు దాస్తుంది. నువ్వింకా కొనలేదు కాబట్టి ముందు ఆ గుట్టు సంగతి చూద్దాం.

సిల్వర్ పెయింట్‌లో సన్నటి అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది. ఒక్కో రేకూ చిన్న అద్దంలాంటిది. పైన రంగులేని క్లియర్ కోట్ పొర. ఫ్యాక్టరీలో ఆ రేకులన్నీ ఒక తీరుగా పడుకుంటాయి. బాడీ షాపులో స్ప్రే గన్ ప్రెషర్ కాస్త అటూ ఇటూ అయినా, పెయింట్ కాస్త తడిగా పడినా ఇంకో తీరుగా పడుకుంటాయి. డబ్బా మీద కోడ్ అదే, రంగు మాత్రం అదే కాదు. ఎదురుగా నిలబడితే కలిసిపోయినట్టే ఉంటుంది, నాలుగడుగులు పక్కకి జరిగితే ఆ ఒక్క డోరూ నల్లబడుతుంది. అందుకే మంచి పెయింటర్ పాడైన డోర్‌కి రంగు వేసి ఊరుకోడు. పక్క డోర్ మీదికీ, ఫెండర్ (చక్రం పైనుండే రేకు) మీదికీ పల్చగా కలుపుకుంటూ పోతాడు. దాన్నే బ్లెండింగ్ అంటారు. మామూలు తెలుపుకి ఇంత తిప్పలు ఉండదు.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మాల్ పార్కింగ్‌లో ఎవరో వెనక డోర్ గుద్ది చెప్పకుండా పోయారు. ఒక బాడీ షాపులో ఇచ్చాను. సాయంత్రం ఆరున్నరకి షెడ్డులో ట్యూబ్‌లైట్ల కింద చూపించారు. అద్దంలా ఉంది, సంతకం పెట్టి తెచ్చేసుకున్నాను. మర్నాడు పొద్దున మా ఆవిడ కాఫీ కప్పుతో బాల్కనీలో నిలబడి "డోర్ కొత్తది వేశారా?" అంది. కిందకి వెళ్లి చూస్తే నిజమే, సిల్వర్ చొక్కాకి బూడిదరంగు జేబు కుట్టినట్టుంది. షాపుకి వెళ్తే "బ్లెండింగ్‌కి ఇన్సూరెన్స్ అప్రూవల్ లేదు" అన్నారు. మూడు వారాలు ఫోన్లు, ఈమెయిళ్లు. చివరికి పక్క ప్యానెల్స్ కూడా చేశారు, కానీ ఆ కారు నడిపినన్నాళ్లూ నా చూపు ముందు ఆ డోర్ మీదికే పోయేది.

అందుకని, ఆ కామ్రీ ఇంజిన్ చూసింది చాలదు. పొద్దున పది, పదకొండు గంటలకి ఎండలో చూడు. కారు కడిగి ఉండాలి, తడిగా మాత్రం ఉండకూడదు. తడి అన్నీ కప్పేస్తుంది. ముందు మూల నుంచి వెనక మూల దాకా మెల్లగా నడువు, రెండు వైపులా. ఏ ప్యానెల్ దగ్గరైనా షేడ్ మారినట్టు అనిపిస్తే ఆగు. డోర్ తెరిచి రబ్బరు అంచుల మీద పెయింట్ తుంపరలు ఉన్నాయేమో చూడు, బానెట్ బోల్టుల మీద రంగు చిట్లిందేమో చూడు. ప్లాస్టిక్ బంపర్ ఫ్యాక్టరీ నుంచే కాస్త తేడాగా ఉంటుంది, దానికి కంగారుపడకు. ఇనప ప్యానెల్స్ మధ్య తేడా ఉంటేనే అనుమానించాలి. కారు హిస్టరీ రిపోర్ట్‌లో యాక్సిడెంట్ లేదని రాసి ఉన్నా చూడు. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా సొంత డబ్బుతో చేయించుకున్నవి అందులోకి ఎక్కకపోవచ్చు.

ఆ తర్వాత నీడలోకి తెచ్చి వడగళ్ల సొట్టలు చూడు. ఇది డల్లాస్, ప్రతి వసంతంలోనూ ఎక్కడో ఒకచోట వడగళ్లు పడతాయి. సిల్వర్ మీద చిన్న సొట్టలు ఎదురుగా చూస్తే కనబడవు. బానెట్ మీద ఏదైనా సరళరేఖ ప్రతిబింబం, ట్యూబ్‌లైటో భవనం అంచో, కనబడేలా వంగి చూడు. రేఖ వణికిన చోట సొట్ట ఉన్నట్టు. ఉన్నా ఫర్వాలేదు, పెయింట్ చిట్లకపోతే వెనక నుంచి నెట్టి సరిచేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. సిల్వర్‌కి అదే మంచి రిపేరు, రంగు జోలికి పోనక్కర్లేదు కదా. టాప్ మీదా, డిక్కీ మూత మీదా క్లియర్ కోట్ పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం ఆ కారు వదిలెయ్. దానికి పాలిష్ లేదు, మళ్లీ పెయింటే.

ఇక కడగడం. వాచ్‌మన్ పద్ధతి, అంటే అరబకెట్ నీళ్లు, పాత బనియన్ గుడ్డ, దుమ్ము మీదే గుండ్రంగా రుద్దడం, మర్చిపో. ఆ దుమ్మే ఉప్పుకాగితం. నల్ల కారు మీదైతే నెలలో సాలెగూడులా గీతలు లేస్తాయి. సిల్వర్ మీద కూడా లేస్తాయి, నీకు కనబడవు, అంతే. ఈ కనబడకపోవడం వల్లే నీకు డబ్బు మిగులుతుంది. వందల డాలర్లు పోసి గీతలు తీయించే పాలిషింగ్ జోలికి పోకు. తేడా నీకూ తెలీదు, చూసేవాళ్లకీ తెలీదు.

అపార్ట్‌మెంట్‌లో కొళాయి లేదన్నావు. రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, తుడిచాక మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేదు. ఆప్టిమమ్ నో రిన్స్ అనే బ్రాండ్ అయితే రెండు గ్యాలన్ల నీళ్లకి ఒక ఔన్స్. ఒక్క బకెట్, ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. గుడ్డ ముంచి, పిండకుండా, ఒక ప్యానెల్‌ని ఒకే దిక్కుగా తుడువు. గుడ్డ మడత తిప్పుకుంటూ ఉండు, మురికి మడత మళ్లీ కారుకి తగలకూడదు. వెంటనే పొడి గుడ్డతో అద్దు. నీళ్లు కిందికి పెద్దగా కారవు కాబట్టి మేనేజర్ కూడా ఏమనడు, మా కాంప్లెక్స్‌లో అయితే అనలేదు. బురద గట్టిగా ఉంటే మాత్రం ముందు కాయిన్లు వేసే సెల్ఫ్ సర్వీస్ వాష్‌కి వెళ్లి ప్రెషర్ నీళ్లు కొట్టించు. గిన్నెలు తోమే సబ్బు వద్దు, వేసిన వ్యాక్స్‌ని ఊడ్చేస్తుంది.

సిల్వర్‌లో ఇంకో చిక్కు. మురికి కనబడదు కదా అని వదిలేస్తే పిట్ట రెట్ట, చెట్టు జిగురు అక్కడే కూర్చుని క్లియర్ కోట్‌ని తినేస్తాయి. కంటిని నమ్మకు, చేతిని నమ్ము. కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద రాయి. గరుకుగా తగిలితే క్లే బార్, అంటే అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టిలాంటి ముద్ద, పెట్టాలి. దగ్గరికి వెళ్లి చూస్తే నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి, తుప్పు పట్టిందని భయపడకు. బ్రేకుల నుంచి, రైలు పట్టాల నుంచి లేచిన ఇనప రజను అది. దానికి ఐరన్ రిమూవర్ ఉంది, కొడితే ఊదారంగు కారుతుంది. మొదటిసారి చూసి నేను పెయింటే కరిగిపోతోందనుకున్నాను.

వ్యాక్స్ వేసేటప్పుడు ఎక్కడ వేశావో, ఎక్కడ తుడవలేదో సిల్వర్ మీద తెలీదు. అందుకే ఒక ప్యానెల్ వేసి, తుడిచి, అప్పుడు పక్కదానికి వెళ్లు. కార్నాబా (చెట్టు ఆకుల నుంచి తీసే వ్యాక్స్) కంటే ఫ్యాక్టరీలో చేసే సింథటిక్ సీలెంట్ నయం. కార్నాబా ఇచ్చే లోతు నల్లవాటిమీదే తెలుస్తుంది. సిరామిక్ కోటింగ్ కావాలంటే తర్వాత చూద్దువుగాని, ముందైతే వద్దు.

నన్నడిగితే సిల్వర్ కారు అందం సిల్వర్‌లో లేదు, చుట్టూ ఉన్న నలుపులో ఉంది. టైర్లు బూడిదపట్టి, ప్లాస్టిక్ అంచులు వెలిసిపోయి, హెడ్‌లైట్లు పచ్చబడి ఉంటే ఎంత కడిగినా ముసలి కారులాగే కనిపిస్తుంది. ఆ తాతల కలర్ అన్నవాడు చూసింది అలాంటిదే అయ్యుంటుంది. హెడ్‌లైట్లకి ఒక కిట్, ప్లాస్టిక్‌కి ఒక డబ్బా, టైర్లకి బ్రష్, అద్దాలకి రెండు గుడ్డలు. ఒక శనివారం పొద్దున పెట్టు, ఐదేళ్లు తగ్గుతుంది.

ఎడిసన్ నుంచి:

అక్కలాంటిదాన్ని, ఒక్క మాట. ఎండ గురించి అందరూ చెప్పారు, వాన గురించి ఎవరూ చెప్పలేదు. వానలో, పొగమంచులో సిల్వర్ కారు రోడ్డులో కలిసిపోతుంది. 2003లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ వాళ్ల అధ్యయనం ఒకటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, సిల్వర్ కార్లలో తీవ్రంగా గాయపడే ప్రమాదం తెల్లవాటితో పోలిస్తే సగమేనని. అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే పగటిపూట తెల్లవాటికంటే సిల్వర్‌కి రిస్క్ దాదాపు 10 శాతం ఎక్కువని తేలింది. ఏది పట్టుకోవాలో నాకు తెలీదు, నేను లైట్ల స్విచ్ పట్టుకుంటాను. మా న్యూజెర్సీలో వైపర్లు వేస్తే హెడ్‌లైట్లు వేయాలని చట్టమే ఉంది. మీకు టెక్సస్‌లో వెయ్యి అడుగుల దూరం కనిపించకపోతే వేయాలి. నువ్వు అడుగులు లెక్కపెట్టకు, చినుకు పడితే వేసెయ్.

రేపు ప్రాజెక్టు మారి మావైపు వస్తే ఇంకోటుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు నల్ల కారు మీద తెల్లగా కనబడుతుంది, కడగాలనిపిస్తుంది. సిల్వర్ మీద కనబడదు, మార్చి దాకా అలాగే తిరుగుతాం. నీళ్లు గడ్డకట్టని రోజు చూసుకుని కారు అడుగుభాగం కడిగించుకోవాలి.

మా అత్తగారు వచ్చిన కొత్తలో ఇండియన్ స్టోర్ నుంచి కరివేపాకు, సొరకాయ పట్టుకుని ముందే వెళ్లి కారులో కూర్చున్నారు. నేను బిల్లు కట్టి వచ్చేసరికి మా కారు ఖాళీ. రెండు వరసలు అవతల ఎవరిదో సిల్వర్ కామ్రీలో బెల్టు కూడా పెట్టుకుని కూర్చుని ఉన్నారు, వాళ్లేమో తాళం వేయడం మర్చిపోయినట్టున్నారు. పాపం ఆ కారాయన బయట నిలబడి "అమ్మా, మీరెవరండీ?" అని అచ్చ తెలుగులో అడుగుతున్నాడు. అప్పట్నుంచి మా కారు అద్దానికి వెనక పసుపు రంగు బొమ్మ ఒకటి వేలాడుతూ ఉంటుంది.

మళ్లీ ఫ్రిస్కో నుంచి:

కొన్నాక మా ఊళ్లో కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకురా, వాహనపూజ చేయిద్దాం. కానీ పూజయ్యాక బానెట్ మీది కుంకుమని పొడిగుడ్డతో రుద్దకు, పసుపుని ఎండలో వారాలు వదిలెయ్యకు. రెండు రోజులు ఉంచుకుని తడిపి, నానాక మెత్తగా తీసెయ్. మా తమ్ముడు భక్తితో నెల ఉంచాడు. స్వస్తిక్ పోయింది, దాని ఆకారం గీతల్లో ఉండిపోయింది.

ఇర్వింగ్ నుంచి:

అందరికీ థాంక్స్. శనివారం పదకొండింటికి వెళ్లాను. ప్లేనో అన్న చెప్పినట్టు నడిచాను. ఎడమ వెనక డోర్ దగ్గర ఆగిపోయాను, ఎదురుగా ఏమీ లేదు, డిక్కీ వైపు నుంచి చూస్తే కొంచెం ముదురు. తెరిస్తే రబ్బరు మీద సన్నటి తుంపరలు. ఓనర్‌ని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రెండేళ్ల కింద పార్కింగ్‌లో ఎవరో తగిలించారు, నేనే చేయించుకున్నాను" అన్నారు. లోపల డెంట్ ఏమీ లేదని మెకానిక్‌కి మళ్లీ చూపించుకున్నాను. 600 డాలర్లు తగ్గించారు. తీసుకున్నాను.

నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించాను. మధ్యాహ్నం ఎండలో చూసి "తెల్లదే తీసుకున్నావుగా, మంచిది" అన్నారు. నేనేమీ అనలేదు.

ఐరన్ రిమూవర్ ఏ బ్రాండ్‌ది తీసుకోమంటారు? నారింజ చుక్కలు బోలెడున్నాయి.